మిద్దె తోటకు గ్రీన్‌హౌస్: మనకు సరిపోయేది ఎలా ఎంచుకోవాలి?

గ్రీన్‌హౌస్ అని ఆన్‌లైన్‌లో వెతికితే చుట్టూ ప్లాస్టిక్ షీటు, ముందు జిప్పు ఉన్న చిన్న గుడారాలు కనిపిస్తాయి. అవి చలి దేశాలకు పనికొచ్చేవి. ఎండ లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి మాత్రం బయటికి పోదు. డల్లాస్‌లోనో లండన్‌లోనో చలికాలంలో కరివేపాకు మొక్కను బతికించుకునే మనవాళ్లకు అదే కావాలి. ఇక్కడ మాత్రం రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అందులో పెట్టిన మొక్క ఉడికిపోతుంది. అందుకే ఆంధ్ర, తెలంగాణల్లో మిద్దె తోట పెట్టుకున్నవాళ్లు షేడ్ నెట్ పందిరి, అంటే ఎండను కొంత ఆపి గాలిని ఆడనిచ్చే వల పందిరి, వేసుకోవాలనే నేను గట్టిగా చెబుతాను.

1. ముందు మీ మిద్దె మీద ఎండ చూడండి

ఒక సెలవు రోజున పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పైకెళ్లి ఎక్కడ ఎండ పడుతోందో, ట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో చూడండి. హైదరాబాద్‌లో మే రెండో వారానికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే కనిపించదు. కాబట్టి నెట్ ముందు పైన ఉండాలి, తర్వాత పడమటి వైపు. తూర్పు వైపు వదిలేయండి, పొద్దుటి ఎండ మొక్కకు మేలు.

2. ఏం పండిస్తారో దాన్నిబట్టి శాతం

షాపులో 35, 50, 75, 90 శాతం అంటారు. నెట్ అంత వెలుతురును ఆపుతుందని అర్థం. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ మంచిదని చాలామంది 75 కొనేస్తారు. కొన్ని వారాలకు టమాటా మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగిపోతాయి, పూత ఉండదు. కాయగూరలకు 35 శాతం చాలు. ఆకుకూరలకు, నారుకు, కలగలిపి పెంచేవాళ్లకు 50 శాతం. ఆర్కిడ్, ఆంథూరియం లాంటి నీడ కోరే పూలమొక్కలు పెంచితేనే 75.

పురుగులు లోపలికి రాకుండా సన్న కన్నాల ఇన్‌సెక్ట్ నెట్ కూడా దొరుకుతుంది. బెండకు పల్లాకు తెగులు తెచ్చే తెల్లదోమను అది బాగా ఆపుతుంది. కానీ తేనెటీగలూ రాలేవు, గాలీ తగ్గుతుంది. లోపల బీర, సొర పెడితే సాయంత్రం పూలు విచ్చుకున్నాక మగపువ్వు తుంచి ఆడపువ్వుకు మీరే అద్దాలి.

3. దారం చూసి కొనండి

ఇక్కడ తొందరపడొద్దు. నెట్‌ను చేతిలోకి తీసుకుని దారాన్ని దగ్గరగా చూడండి. రిబ్బన్‌లా చదునుగా ఉందా, గుండ్రంగా ఉందా? గుండ్రటి దారంతో అల్లింది ఖరీదు ఎక్కువే, కానీ ఎక్కువ కాలం మన్నుతుంది. యూవీ స్టెబిలైజ్డ్ అని ఉందో లేదో అడగండి. అది లేని నెట్ ఎండకు పెళుసెక్కి, పట్టుకుంటే పీచులా రాలిపోతుంది. రంగు మీ ఇష్టమే గానీ, నల్లది వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది. తెలుపు దొరికితే మంచిది.

4. ఫ్రేము

జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప పైపులు) తీసుకోండి. కనీసం ఎనిమిది అడుగుల ఎత్తు ఉండాలి. ఎత్తు తగ్గితే వేడి గాలి మొక్కల మీదే నిలిచిపోతుంది, తీగలకూ చోటుండదు.

పైపుల కోసం స్లాబుకు మాత్రం రంధ్రాలు పెట్టనివ్వకండి. వానాకాలంలో కింద గదిలోకి నీళ్లు కారతాయి. పిట్టగోడ గట్టిదైతే దానికి క్లాంపులు వేయించండి, లేదా పెద్ద డబ్బాల్లో కాంక్రీటు పోసి కాళ్లు నిలబెట్టండి. పైపు మూలల దగ్గర నెట్ రాసుకుని చిరుగుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, దాని మీదుగా నెట్ కట్టండి.

5. తీయడానికి వీలుగా కట్టండి

మార్చిలో వేసి, మృగశిర కార్తెలో వానలు పడ్డాక పైనెట్ తీసేయడం మంచి పద్ధతి. మబ్బు రోజుల్లో ఉన్న కాస్త వెలుతురూ మొక్కలకు కావాలి. కోస్తాలో ఉంటే అక్టోబర్, నవంబర్ తుఫానులు మర్చిపోవద్దు. గాలికి నెట్ ఊగితే ఫ్రేము మొత్తం లాగేస్తుంది. అందుకే ఇనుప తీగలతో బిగించేయకుండా క్లిప్పులు వాడండి. తుఫాను హెచ్చరిక రాగానే విప్పి చుట్టేయవచ్చు. విప్పిన నెట్‌ను దుమ్ము కడిగి, ఆరబెట్టి, ఎలుకలు చేరని చోట పెట్టుకోండి.