చిన్న లీగ్ బేస్‌బాల్ చూడబోయే మనవాళ్లకు

మా విజీనారంలో సిరిమాను చూడాలంటే ఎవరింటి అరుగు మీద కూర్చోవాలో ముందే మాట్లాడేసుకుంటాం. బేస్‌బాల్‌కీ అంతే, చోటు ముఖ్యం. నేను ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను. రెండు వేసవులు అమెరికాలోని డర్హమ్‌లో మా అబ్బాయి దగ్గరుండి, చూసిన మైదానాల వివరాలన్నీ రాసిపెట్టుకున్నాను.

పెద్ద లీగ్ జట్లకు కుర్రాళ్లను తయారుచేసే ఈ చిన్న లీగ్ జట్లు 120. వాటిలో నాలుగు అంచెలు, పైది ట్రిపుల్‌-ఎ. సోమవారాలు మామూలుగా ఆట ఉండదు.

లోపలికి వెళ్లగానే మైదానం చివరి గోడ చూడండి. బేసుల (కొట్టినవాడు పరుగెత్తి తాకాల్సిన నాలుగు మూలల) మధ్య 90 అడుగులన్నది మారదు. గోడ దూరం, ఎత్తు మాత్రం ఏ మైదానానికి ఆ మైదానమే. దూరం గోడ మీదే రాసి ఉంటుంది. 1995లో తెరిచిన డర్హమ్ బుల్స్ మైదానంలో ఎడమ మూల 305 అడుగులే, కానీ అక్కడ నీలం గోడ 32 అడుగులు లేచింది. ఇంకోచోట గోడ దాటిపోయి హోమ్‌రన్ అయ్యే బంతి ఇక్కడ గోడకు ఠప్పున తగిలి కింద పడుతుంది, కొట్టినవాడు రెండో బేసు దగ్గర ఆగిపోతాడు. గోడ పైన ఎద్దు బొమ్మ ఉంది. బుల్స్ హోమ్‌రన్ కొడితే దాని కళ్లు ఎర్రగా వెలుగుతాయి, ముక్కుల్లోంచి పొగ వస్తుంది, తోక ఆడుతుంది. మా మనవడు బంతిని వదిలేసి దాన్నే చూస్తాడు.

షార్లెట్ ఊరి జట్టు నైట్స్ మైదానం 2014లోది. డర్హమ్‌లాగే అదీ ట్రిపుల్‌-ఎ, అదీ పదివేల మంది పట్టేదే. గోడ వెనకే ఊరి పెద్ద మేడలు. దీపాలు వెలిగే వేళ చూడాలి. ఆట కోసమైతే నా ఓటు డర్హమ్‌కే.

ఇక ఎండ. మొదటిసారి తెలియక మొదటి బేసు వైపు (కొట్టేచోటి నుంచి చూస్తే కుడిపక్క) కూర్చున్నాం. సాయంత్రం అయిదింటి ఎండ సూటిగా మొహాన కొట్టి మా ఆవిడకు కళ్లు తిరిగాయి. హోమ్ ప్లేటు (కొట్టేవాడు నిలబడే చోటు) నుంచి రెండో బేసుకు గీసిన గీత తూర్పు-ఈశాన్యానికి ఉంటే మంచిదని నియమాల పుస్తకం చెబుతుంది. అలా కట్టినచోట మూడో బేసు వైపువాళ్లకు, అంటే ఎడమపక్క వాళ్లకు, ఎండ వీపు వెనక ఉంటుంది. అందరూ అలా కట్టరు, కాబట్టి టిక్కెట్టు కొనేముందు మ్యాపులో ఉత్తరం ఎటో చూసుకోండి.

పసిపిల్లలుంటే చూసేవాళ్ల ముందు కట్టిన వల వెనకే కూర్చోండి, పక్కకు తగిలిన బంతి రెప్పపాటులో మీద పడుతుంది. కొన్నిచోట్ల గోడ వెనక గడ్డి గట్టు ఉంటుంది. మన అయ్యకోనేరు గట్టు మీద కూర్చున్నట్టే హాయిగా ఉంటుంది, దుప్పటి ఒకటి పట్టుకెళ్లండి.