పాత ఫోర్ బై ఫోర్ కింద నుంచి మోత వస్తోందా? హౌసింగ్ విప్పించే ముందు ఇవి చూడండి

పాత జిప్సీ, బొలెరో ఫోర్ బై ఫోర్, ఎంఎం 540 లాంటి బండ్లు బెంగళూరులో మనవాళ్ల దగ్గర ఇంకా చాలానే ఉన్నాయి. వారమంతా మారతహళ్లి, కేఆర్ పురం ట్రాఫిక్‌లో నలిగి, శనివారం వస్తే మదనపల్లె వైపో హిందూపురం వైపో ఊరికి పరిగెత్తే బండ్లు. వీటి కింద మోత మొదలైతే గ్యారేజీలో ముందుగా వినపడే మాట, "క్రౌన్ పినియన్ పోయిందన్నా, హౌసింగ్ దించాల." క్రౌన్ పినియన్ అంటే యాక్సిల్ మధ్య డిఫరెన్షియల్‌లో ఉండే పళ్ల చక్రాల జంట, దాన్ని కప్పి ఉంచే ఇనుప గుల్లే హౌసింగ్. నిజంగానే పోయి ఉండొచ్చు, కాదనను. కానీ దాన్ని అనుమానించాల్సింది అన్నిటికన్నా చివర్లో, ఎందుకంటే ఖర్చు ఎక్కువ, పైగా విప్పినవాళ్లు కొలత తప్పకుండా బిగించకపోతే అంతకుముందు లేని మోత కొత్తగా పుడుతుంది. దానికన్నా ముందు చూడాల్సినవి జాయింట్ క్రాసులు (షాఫ్టుల కొసలను కలిపే ప్లస్ ఆకారపు ముక్కలు), రబ్బరు మౌంటింగులు, టైర్లు, వీల్ బేరింగులు, ఆయిల్.

ముందు మోత దేనితో మారుతోందో కనిపెట్టండి

బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ రేజ్ చేయండి. అప్పుడు కూడా మోత వస్తుంటే అది ఇంజిన్, క్లచ్, గేర్ బాక్సుల వైపుది. క్లచ్ తొక్కితే ఆగిపోతే గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్, తొక్కితేనే వస్తే రిలీజ్ బేరింగ్. అలా కాకుండా బండి కదిలితేనే వస్తుంటే ఖాళీ రోడ్డు కావాలి. అవుటర్ రింగ్ రోడ్డులో ఈ పని కాదు, పొద్దున్నే దేవనహళ్లి దాటి చిక్కబళ్ళాపురం వైపు వెళ్ళండి. గంటకు 50 దగ్గర మూడో గేరులో కాసేపు, అదే స్పీడులో నాలుగో గేరులో కాసేపు పోనివ్వండి. ఇంజిన్ వేగం మారినా మోత స్వరం మారకపోతే తప్పు గేర్ బాక్స్‌కి అవతల ఉంది, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె), ప్రొపెల్లర్ షాఫ్టులు (అక్కడి నుంచి యాక్సిల్ దాకా ఉండే పొడవాటి గొట్టాలు), యాక్సిల్, చక్రాలు. తర్వాత అదే స్పీడులో యాక్సిలరేటర్ తొక్కి చూడండి, వదిలి చూడండి, బండిని మెల్లగా ఎడమకీ కుడికీ ఊపి చూడండి. ఈ మూడూ రాసిపెట్టుకుంటే సగం పని అయినట్టే.

శబ్దం టిక్ టిక్ మని విడివిడిగా వస్తుంటే ఇంకో ఉపాయం ఉంది. టైరు మీద సుద్దతో గీత గీయండి, ఒకరు పక్కన నడుస్తుంటే మీరు నడక వేగంలో పోనివ్వండి. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఒకసారే వినపడితే అది చక్రం, బ్రేకు, యాక్సిల్ షాఫ్ట్ దగ్గరిది. నాలుగైదుసార్లు వినపడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద కన్నేయండి, ఈ బండ్లలో చక్రం ఒక్క చుట్టుకి షాఫ్ట్ సుమారు నాలుగు చుట్లు తిరుగుతుంది, కొన్నిటిలో ఇంకా ఎక్కువ.

గేరు పడగానే, లేదా యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కగానే "టక్"

స్పీడ్ బ్రేకర్లకు లోటు లేని మన ఊళ్లో ఎక్కువగా వినపడేది ఇదే, తప్పుడు తీర్పు ఎక్కువగా పడేదీ దీనికే. క్లచ్ నుంచి చక్రం దాకా ఒక్కోచోటా కాస్త ప్లే (వదులు) వచ్చి, అదంతా కలిసి ఒక్కసారి కొట్టుకుంటే "టక్" అంటుంది. క్రౌన్ పినియన్‌లో ఆ ప్లే కొంచెం ఉండటం మామూలే, పళ్ల మధ్య ఆ సందు లేకపోతే అవి వేడెక్కి పాడవుతాయి.

బండిని చదునైన చోట ఆపి, నాలుగు చక్రాలకూ అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి కిందకు దూరండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకు మాత్రం ఎప్పుడూ పోవద్దు, లేపాల్సి వస్తే స్టాండ్లు వేయాల్సిందే. జాయింట్ క్రాస్‌కి ఒక పక్క ఒక చేత్తో, రెండో పక్క ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా తిప్పి చూడండి. రెండు పక్కలూ ఒకటిగా కదలాలి, మధ్యలో వెంట్రుకవాసి తేడా తెలిసినా క్రాస్ పోయినట్టే. కప్పుల అంచు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే చేత్తో తిప్పి చూడాల్సిన పని కూడా లేదు, లోపల గ్రీజు ఎండి సూదుల బేరింగు తుప్పుపట్టి నలిగిపోతోందన్న మాట. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ బాక్స్‌కి అంటుకుని ఉండదు, మధ్యలో ఒక పొట్టి షాఫ్ట్ ఉంటుంది, దాని జాయింట్లను అందరూ మరిచిపోతారు. అవీ చూడండి.

తర్వాత మౌంటింగులు. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, మెల్లగా పోతూ యాక్సిలరేటర్ తొక్కి వదులుతుంటే ట్రాన్స్‌ఫర్ లివర్ (ఫోర్ వీల్ వేసే పిడి) వైపు చూడమనండి. లివర్ ముందుకూ వెనక్కూ ఎగిరిపడుతుంటే రబ్బర్లు చీలి, ట్రాన్స్‌ఫర్ కేస్ మొత్తం దాని చోట్లో అది ఊగుతోంది. రబ్బర్లు మారిస్తే "టక్" చాలావరకు పోతుంది. అప్పటికీ ఉంటే కమాను పట్టీలను యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు వదులయ్యాయేమో పానా వేసి చూడండి.

క్రాస్ కొనేటప్పుడు జేసీ రోడ్డుకి పాతదాన్ని చేతిలో పట్టుకునే వెళ్ళండి. ఒకే పేరున్న బండ్లలో కూడా ఏళ్లను బట్టి కొలతలు మారుతుంటాయి, కప్పు వ్యాసం, కొస నుంచి కొసకి పొడవు రెండూ కలవాలి. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజుల (బోల్టులు బిగించే బిళ్లల) మీద పెయింట్ గుర్తు పెట్టుకోండి, స్ప్లైన్ (షాఫ్ట్ ఒకదాన్లో ఒకటి దూరే గాళ్ల భాగం) దగ్గర కూడా. ఇంకో ముఖ్యమైన సంగతి, కొన్ని పాత బండ్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలను కాదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌నే. ఆ షాఫ్ట్ విప్పితే బ్రేక్ లేనట్టే, గేరులో వేసినా బండి ఆగదు.

కీచు కీచు, లేదా 60 దాటితే వణుకు

మెల్లగా పోతున్నప్పుడు కీచుమంటే ఎండిన క్రాస్. నిప్పిల్ ఉంటే నాలుగు కప్పుల నుంచీ కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. అయినా ఆగకపోతే మార్చేయండి, ఆ చప్పుడుతో హైవే ఎక్కొద్దు. వణుకైతే మొదట షాఫ్ట్‌కి రెండు కొసలా ఉన్న యోకులు (క్రాస్‌ని పట్టుకునే చీలిక కొసలు) ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడండి, స్ప్లైన్ ఊడదీసి తప్పుగా దూర్చితే ఈ వరస చెడుతుంది. షాఫ్ట్‌కి అంటుకున్న సిమెంటు, ఊడిపోయిన బ్యాలెన్స్ ముక్క, సస్పెన్షన్ ఎత్తు పెంచడం వల్ల మారిన కోణం కూడా కారణాలే.

ఎప్పుడూ ఒకేలా "గుమ్మ్" మనే హోరు

తారు రోడ్డు నుంచి వైట్ టాపింగ్ చేసిన కాంక్రీటు రోడ్డు ఎక్కగానే హోరు మారిపోతే టైర్లు. ట్రెడ్ మీద అరచేత్తో ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ నిమరండి, ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుగ్గా తగిలితే గడులు ఏటవాలుగా అరిగాయి. రోడ్డుతో మారకుండా బండి ఊపినప్పుడు మారితే వీల్ బేరింగ్, ఎడమకి తిప్పినప్పుడు హోరు పెరిగితే బరువు కుడి మీద పడుతోంది కాబట్టి కుడి చక్రం చూడండి. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ముందు చక్రంలో ప్లే కనిపిస్తే ఒకరిని బ్రేక్ తొక్కమని మళ్ళీ ఊపండి, ప్లే మాయమైతే వీల్ బేరింగ్, అలాగే ఉంటే కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగ్. జిప్సీ వెనక బేరింగ్ మారిస్తే దాన్ని పట్టి ఉంచే రింగు కూడా కొత్తదే వేయించండి, పాతది మళ్ళీ నొక్కనివ్వద్దు.

ఫోర్ వీల్‌లో వేస్తేనే, లేదా ముందు నుంచి

పొడి తారు మీద ఫోర్ హైలో (మామూలు స్పీడుకి వాడే ఫోర్ వీల్) వేసి మలుపు తిప్పితే బండి పట్టేసినట్టు అవుతుంది, టైర్లు ఎగిరి పడతాయి. అది జబ్బు కాదు, పార్ట్ టైమ్ ఫోర్ వీల్‌లో ముందు వెనక షాఫ్టులకు మధ్య వేగం తేడాని సర్దే డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి అంతే. అక్కడ వేయకండి, మట్టి మీద పరీక్షించండి. లో రేంజ్‌లో (బలం ఎక్కువ, వేగం తక్కువ ఉండే గేర్లు) కొంత ఊళ కూడా సహజమే. కానీ స్టీరింగ్ పూర్తిగా కోసినప్పుడు ముందు నుంచి "కటక్ కటక్" వస్తే నకుల్ (చక్రం తిరిగే మోకాలి భాగం) లోపలి సీవీ జాయింట్ (మలుపులోనూ చక్రానికి బలం అందించే కీలు) అరిగింది.

హబ్ లాకులు (ముందు చక్రాలను యాక్సిల్ షాఫ్ట్‌తో కలిపే, విడదీసే తాళాలు) ఉన్న బండికి మరో పరీక్ష ఉంది. రెండు హబ్బులూ ఫ్రీలో పెట్టి టూ వీల్‌లో నడిపితే ముందు యాక్సిల్ లోపలి భాగాలు దాదాపు నిలిచిపోతాయి. మోత పోయిందా, తప్పు ముందు డిఫరెన్షియల్ లేదా ముందు షాఫ్ట్‌ది. పోలేదా, వీల్ బేరింగులు తప్ప ముందువైపు అంతా బాగున్నట్టే.

తొక్కితే ఊళ, వదిలితే ఆగుతుంది (లేదా తలకిందులుగా)

ఇప్పుడు డిఫరెన్షియల్. అప్పుడు కూడా ముందు ఆయిల్ చూడండి. డ్రెయిన్ విప్పే ముందు పైన ఆయిల్ పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి, అది తుప్పుపట్టి బిగుసుకుపోతే ఖాళీ హౌసింగ్‌తో రోడ్డు మీద కూర్చోవాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్ళు చేరాయి. వానలో అండర్‌పాస్ నీళ్లలో దిగినప్పుడు వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారి చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది, బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే రంధ్రం) మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. ప్లగ్ అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే పర్వాలేదు, వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తే విప్పాల్సిందే.

పినియన్ ఫ్లాంజ్ పట్టుకుని పైకీ కిందకీ ఊపితే ఏ కాస్త కదిలినా బేరింగ్ పోయింది. "నట్టు ఇంకాస్త బిగిస్తే సరిపోతుంది" అంటే ఒప్పుకోవద్దు, చాలా హౌసింగుల్లో లోపల నలిగే స్లీవ్ ఉంటుంది, నట్టు అదనంగా తిప్పితే బేరింగుల మీద లోడు పెరిగి కొద్దిరోజుల్లో మళ్ళీ మోత. క్రౌన్, పినియన్ జంటగానే మార్చాలి, విడివిడిగా కొనకూడదు. డయల్ గేజ్‌తో పళ్ల సందు కొలిచి, రంగు పూసి పళ్ల ముద్ర ఎక్కడ పడుతోందో మీకు చూపించే మెకానిక్‌కే ఇవ్వండి. గేజ్ లేకుండా చేతి అంచనాతో బిగిస్తానంటే ఇంకో చోటికి వెళ్ళండి.

కొత్త సెట్ పడ్డాక జీఎల్ 5 రకం ఆయిల్, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు, బండి చదునుగా ఉండగా ఆయిల్ పోసే రంధ్రం అంచు దాకా పోయించండి. ఇదే ఆయిల్ గేర్ బాక్స్‌లోకి పోయనివ్వద్దు, పాత ఇత్తడి సింక్రో రింగులకు (గేర్లు సాఫీగా పడేలా చేసేవి) జీఎల్ 4 రకం కావాలి. మొదటి 15, 20 నిమిషాలు మెల్లగా నడిపి చల్లారనివ్వండి, కొన్నాళ్ళు బరువు లాగొద్దు, 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోయండి.