లోపాలు సరిచేయని కొత్త ఫ్లాట్‌ను స్వాధీనం చేసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా, కొత్త ఫ్లాట్ తాళాలు చేతికి వచ్చే రోజుకు పనులన్నీ పూర్తయి ఉండడం తక్కువ. బాత్‌రూమ్‌లో నీళ్లు నిలుస్తుంటాయి, తలుపు ఫ్రేములో సరిగా కూర్చోదు, కిటికీ కింద చెమ్మ మచ్చ కనిపిస్తుంది. “ముందు సంతకం పెట్టండి సార్, వారంలో మనిషిని పంపించి చేయించేస్తాం” అని సైట్ ఇంజినీర్ అంటాడు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకుని, పిలుపులు కూడా పూర్తి చేసిన కుటుంబం ఆ మాట మీద సంతకం చేసేస్తుంది. లోపాలున్నా ఇల్లు తీసుకోవచ్చు, కానీ అవి కాగితం మీదికి ఎక్కిన తర్వాతే తీసుకోవాలి.

మొదట ఓసీ అడగండి

భవనంలో నివసించవచ్చని మున్సిపల్ అధికారులు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) లేకుంటే, ఫ్లాట్ ఎంత చక్కగా ఉన్నా స్వాధీనం చేసుకోవద్దు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం దాన్ని తెచ్చి ఇవ్వాల్సిన బాధ్యత బిల్డర్‌దే. అది తేకపోవడం సేవాలోపమేనని 2022 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. ఓసీ వచ్చాక మాత్రం రెండు నెలల్లోగా కొనుగోలుదారు ఇంటిని స్వాధీనం చేసుకోవాలని అదే చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల చిన్నచిన్న లోపాలు చూపించి నెలల తరబడి ఆగడం కుదరదు.

ఇంటీరియర్ పని మొదలుపెట్టకముందే తనిఖీ చేయండి

వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు లోపలికి వచ్చిన తర్వాత ఏ లోపం చూపించినా “మీ పనివాళ్లే పాడుచేశారు” అనే సమాధానం వస్తుంది. కాబట్టి ఖాళీ ఇంటిని పగటి వెలుతురులో, అగ్రిమెంటుకు జతచేసిన స్పెసిఫికేషన్ల కాగితం చేతిలో పెట్టుకుని, గదిగదీ చూడండి. నేల టైల్స్‌ను నాణెంతో తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. కరెంటు బోర్డులోని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే ట్రిప్ కావాలి. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి నీటి ధార చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం బాత్‌రూమ్‌లకు ఇవ్వాలి, ఎందుకంటే వాటర్‌ప్రూఫింగ్ లోపం తర్వాత బయటపడితే టైల్స్ పగలగొట్టడం తప్ప దారి ఉండదు. నీళ్లు పోయే జాలీని పాలిథిన్ చుట్టిన గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం మేర నీళ్లు నింపి, నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. 24 గంటల తర్వాత మట్టం తగ్గిందేమో చూడడంతో పాటు, కింది ఫ్లాట్ వారిని అడిగి వారి బాత్‌రూమ్ సీలింగును, పైపులు దిగేచోటును కూడా పరిశీలించండి. గుడ్డ తీశాక నీళ్లు మూలల్లో నిలవకుండా పూర్తిగా పోతే వాలు సరిగా ఉన్నట్లే.

ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి పగుళ్లు సాధారణంగా కనిపిస్తాయి, వాటికి మరమ్మతు సరిపోతుంది. పిల్లర్లు, బీముల మీద పగుళ్లు ఉన్నా, గోడల్లో వెడల్పాటి ఏటవాలు పగుళ్లు ఉన్నా బిల్డర్ మనిషి మాట మీద వదిలేయకండి. సొంతంగా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపించి, రాతపూర్వక నివేదిక వచ్చేవరకూ స్వాధీనం తీసుకోకండి.

పొజెషన్ లెటర్‌ను చదివి, దిద్ది, సంతకం చేయండి

బిల్డర్లు ముందే అచ్చువేసి ఇచ్చే లేఖలో “అన్ని పనులూ సంతృప్తికరంగా పూర్తయ్యాయి, ఇకపై ఎలాంటి క్లెయిములూ లేవు” అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే దాన్ని కొట్టేయించండి. దాని స్థానంలో ఇలా రాయవచ్చు: “జతచేసిన జాబితాలోని లోపాలను సరిచేయించుకునే హక్కుకు, రెరా చట్టం 14వ సెక్షన్ కింద నాకున్న హక్కులకు భంగం లేకుండా ఈ ఫ్లాట్‌ను స్వాధీనం చేసుకుంటున్నాను.” జాబితాలో ప్రతి లోపానికీ గది పేరు, ఫొటో, సరిచేయాల్సిన తేదీ ఉండాలి. “బాత్‌రూమ్ బాగోలేదు” అని రాస్తే తర్వాత ఎవరూ ఏమీ తేల్చలేరు, “మాస్టర్ బాత్‌రూమ్‌లో షవర్ కింద నీళ్లు నిలుస్తున్నాయి” అని రాయాలి. ప్రతి పేజీ మీద బిల్డర్ తరఫు అధీకృత వ్యక్తి సంతకం, ముద్ర వేయించి ఒక కాపీ మీరు ఉంచుకోండి. దిద్దడానికి ఒప్పుకోకపోతే అదే జాబితాను ఆ రోజే ఈమెయిల్‌లోను, స్పీడ్ పోస్టులోను పంపండి.

విదేశాల్లో ఉన్నవారి తరఫున చాలాసార్లు తల్లిదండ్రులే జీపీఏతో (వారి తరఫున వ్యవహరించే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రంతో) తాళాలు తీసుకుంటారు. జాబితా సిద్ధమై, మీరు చదివేదాకా ఏ కాగితం మీదా సంతకం చేయవద్దని వారికి ముందే స్పష్టంగా చెప్పండి. ముహూర్తం దగ్గరపడిందని తొందరపడాల్సిన పని లేదు. పూజ కోసం మాత్రమే తాళాలు తీసుకుంటున్నామని, ఇది స్వాధీనం కాదని రాసిచ్చి పాలు పొంగించుకోవచ్చు.

చివరి వాయిదాను మీ అంతట మీరు ఆపేయడం కూడా మంచిది కాదు, అగ్రిమెంటు ప్రకారం ఆలస్యానికి వడ్డీ పడవచ్చు. పనులు పూర్తయ్యేదాకా కొంత మొత్తం ఆపుకునేలా బిల్డర్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి.

తాళాలు తీసుకున్న తర్వాత

స్వాధీనమిచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపాలను, పనితనంలోని లోపాలను బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని 14వ సెక్షన్ చెబుతోంది. అందుకే స్వాధీనం తేదీని తెలిపే కాగితం జాగ్రత్తగా దాచాలి. వానాకాలంలో బయటపడే సీపేజీ లాంటివి కొత్తగా కనిపించిన ప్రతిసారీ ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ పంపండి.

30 రోజులు దాటినా కదలిక లేకపోతే, తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ మీ రాష్ట్ర రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు, పరిహారం కోరితే ఆ విషయం దాన్ని నిర్ణయించే అడ్జుడికేటింగ్ అధికారి ముందుకు వెళుతుంది. వినియోగదారుల కమిషన్ మార్గమూ ఉంది, కాకపోతే అక్కడ ఫిర్యాదుకు కారణం ఏర్పడిన 2 ఏళ్లలోపు వెళ్లాలి. సొంత స్థలంలో మేస్త్రీతోనో కాంట్రాక్టర్‌తోనో ఇల్లు కట్టించుకున్నవారికి రెరా వర్తించదు కాబట్టి వారు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, అప్పుడు పనివివరాలతో రాసుకున్న ఒప్పందమూ, చెల్లింపుల రసీదులూ చూపించాల్సి ఉంటుంది.