బీపీ ఉన్నవారి సీఆర్‌పీ, ఎకో రిపోర్టులు: ఏ అంకెను ఎలా చదవాలి

రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో లోలోపల వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే ప్రొటీన్) ఎక్కువుందంటే గుండె పెద్దదైపోయినట్టు కాదు. బీపీతో గుండె కండరం దళసరెక్కినవారిలో సగటున సీఆర్‌పీ కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, అంతవరకే నిజం. గుండె సంగతి తేల్చాల్సింది ఎకో, అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్.

సీఆర్‌పీలో రెండు రకాలున్నాయి. గుండె కోసమైతే హెచ్‌ఎస్-సీఆర్‌పీ అని రాయించుకోవాలి. మామూలు సీఆర్‌పీ చిన్న తేడాలను పట్టుకోలేదు. పరగడుపున ఇవ్వాల్సిన పనిలేదు. జ్వరం, దెబ్బ, పంటి చీము తగ్గాక రెండు మూడు వారాలు ఆగి ఇవ్వండి. రెండు వారాల ఎడంతో రెండుసార్లు చేయించి సగటు తీస్తే నమ్మవచ్చు. లీటరుకు 1 మి.గ్రా. లోపుంటే గుండెజబ్బు ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే దాన్ని గుండె ఖాతాలో వేయకండి, ముందు ఇన్ఫెక్షన్ వెతకాలి. యూనిట్ కూడా చూడండి: డెసిలీటరుకు 0.3 మి.గ్రా. అన్నా లీటరుకు 3 మి.గ్రా. అన్నా ఒకటే. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఊబకాయం, పొగతాగడం, చిగుళ్ల జబ్బు కూడా దీన్ని పెంచుతాయి. అంకె దించాలని నొప్పి మాత్రలు మింగడం మాత్రం తెలివితక్కువ పని. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పునూ నీటినీ ఆపి బీపీని పెంచుతాయి.

ఇక గుండె. బీపీకి తరచుగా ముందు మారేది ఎడమ జఠరిక (ఒళ్లంతటికీ రక్తాన్ని పంపే గుండె గది) గోడ మందం. గోడ లోపలికి దళసరెక్కితే బయటి నీడ మారదు, ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది. ఈసీజీ కూడా చాలామందిలో పట్టుకోలేదు, లావుగా ఉన్నవారిలో మరీను.

ఎకో రిపోర్టులో మూడు కొలతలు తీసుకోండి, మూడూ గుండె సడలినప్పటివే: మధ్యగోడ, వెనకగోడ, లోపలి వ్యాసం. ఉదాహరణకు 1.2, 1.2, 4.6 సెం.మీ. అనుకుందాం. మూడింటి మొత్తం 7.0, దాని ఘనం 343. అందులోంచి 4.6 ఘనం 97.3 తీసేసి 0.832తో గుణించి 0.6 కలిపితే కండరం బరువు సుమారు 205 గ్రాములు. ఎత్తు 165 సెం.మీ., బరువు 67 కిలోలైతే శరీర ఉపరితల వైశాల్యం సుమారు 1.75 చదరపు మీటర్లు; కండరం బరువును దీంతో భాగిస్తే చదరపు మీటరుకు 117 గ్రాములు. మగవారికి 115, ఆడవారికి 95 దాటితే కండరం పెరిగినట్టే. వెనకగోడను రెట్టింపు చేసి లోపలి వ్యాసంతో భాగిస్తే 0.52. ఇది 0.42 దాటిందంటే గోడ లోపలికి మందమవుతోందని అర్థం.

ఇప్పుడు రెండు గోడలనూ ఒక్క మిల్లీమీటరు తక్కువ కొలిచారనుకోండి. 117 కాస్తా 104కి పడిపోతుంది, మగవారి రిపోర్టులో కండరం బరువు "నార్మల్" అయిపోతుంది! ఘనం చేస్తాం గనక చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది.

అందుకే నెలనెలా ఎకో దండగ. మందులతో బీపీ అదుపులోకి వచ్చాక కండరం తగ్గడానికి నెలలు పడుతుంది. కనీసం ఆరు నెలలాగి, వీలైతే అదే మెషీన్ మీద, అదే టెక్నీషియన్‌తో తీయించి, పాత రిపోర్టును పక్కన పెట్టి చూపించండి. పడుకుంటే ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.