ఈ-1 వీసాకు ఫైలు పంపే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాతో వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాల పౌరులు వ్యాపారం నడపడానికి అక్కడికి వెళ్లే వీసా ఈ-1 ట్రీటీ ట్రేడర్. అది భారత పాస్‌పోర్టు మీద రాదు, ఇండియా ఒప్పంద దేశం కాదు కాబట్టి. కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు దారి ఉంది. పెట్టుబడి పెట్టి పౌరసత్వం పొందినవాళ్లయితే ఆ దేశంలో వరుసగా 3 ఏళ్లు స్థిరనివాసం ఉండి ఉండాలి.

మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు ఇది: పాస్‌పోర్టు ఏ దేశానిదో, వ్యాపారం కూడా ఆ దేశంతోనే జరగాలి. కంపెనీ అంతర్జాతీయ వ్యాపారంలో సగానికి మించి ఆ దేశానికీ అమెరికాకూ మధ్యే నడవాలి. మీది కెనడా పాస్‌పోర్టే అయినా, మీ అమెరికా కంపెనీ గుంటూరు ఎగుమతిదారు దగ్గర నేరుగా మిర్చి కొంటే అది ఇండియా వ్యాపారమే. హైదరాబాద్ ఆఫీసు అమెరికా కంపెనీకి సాఫ్ట్‌వేర్ పనికి బిల్లు వేసినా అంతే. అంతర్జాతీయ వ్యాపారం ఏడాదికి 4 లక్షల డాలర్లుంటే, అందులో 2 లక్షలకు పైగా కెనడా-అమెరికా మధ్య కనబడాలి. అమెరికాలోపల జరిగే అమ్మకాలు ఈ లెక్కలోకి రావు. ఇంకో మెలిక: అమెరికాలో ఉన్నది సబ్సిడరీ (విడిగా రిజిస్టరైన అనుబంధ కంపెనీ) అయితే దాని వ్యాపారం ఒక్కటే చూస్తారు, బ్రాంచి అయితే మాతృసంస్థ మొత్తం వ్యాపారం చూస్తారు. కంపెనీ రిజిస్టర్ చేసేముందే ఇది తేల్చుకోండి.

వాటాల్లో కనీసం 50 శాతం ఒప్పంద దేశ పౌరులవి కావాలి. అమెరికాలో గ్రీన్‌కార్డుతో ఉన్న తమ్ముడిది కెనడా పాస్‌పోర్టే అయినా అతని వాటా ఇందులో కలవదు.

కనీస మొత్తం ఇంత అని చట్టంలో లేదు. లావాదేవీలు మాత్రం తెరిపి లేకుండా సాగాలి, ఒకే ఒక్క ఆర్డరు ఎంత పెద్దదైనా చాలదు. వ్యాపారం వీసా అడిగేనాటికే నడుస్తుండాలి, ‘వెళ్లాక మొదలుపెడతాం’ అంటే కుదరదు. చిన్న వ్యాపారమైతే, వచ్చే ఆదాయంతో కుటుంబం గడుస్తుందని చూపడం బాగా కలిసొస్తుంది.

కాగితాల విషయంలో బద్ధకిస్తే మొదటికే మోసం. గత 12 నెలల లావాదేవీలన్నీ ఒక పట్టికలో వేయండి: తేదీ, ఇన్‌వాయిస్ నంబరు, ఎవరి నుంచి ఎవరికి, ఏ దేశం నుంచి ఏ దేశానికి, మొత్తం. ప్రతి ఇన్‌వాయిస్ వెనక దాని పర్చేజ్ ఆర్డరు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా పత్రం), కస్టమ్స్ పత్రం, డబ్బు జమైన బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ పెట్టండి. ఇన్‌వాయిస్ 18,400 డాలర్లకు ఉండి ఖాతాలో 18,375 పడితే, ఆ 25 బ్యాంకు చార్జీ అని పక్కనే రాయండి. ఈ వీసా దరఖాస్తుతో ఇచ్చే డీఎస్-156ఈ ఫారంలోని అంకెలు ట్యాక్స్ రిటర్నులతో కలవాలి. సొంత కంపెనీల మధ్యే బిల్లులు తిరుగుతూ డబ్బు చేతులు మారకపోతే అనుమానం అక్కడే మొదలవుతుంది. దొంగ ఇన్‌వాయిస్ పట్టుబడితే ఈ వీసా పోవడంతో ఆగదు, అమెరికా తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

వీసా వచ్చాక ఈ పట్టిక ఆపకండి. ఒక్కో ప్రవేశానికి ఇచ్చే గడువు 2 ఏళ్ల దాకా, పొడిగింపుకు మళ్లీ ఇవే లెక్కలు. మధ్యలో చౌకగా దొరుకుతుందని కొనుగోళ్లు చైనాకో ఇండియాకో మళ్లించి ఒప్పంద దేశం వాటా సగానికి దిగితే, అర్హతే పోతుంది.