ఇంట్లో ఫిల్టర్ కాఫీ – 3వ పాఠం: డికాషన్ దించడం

కిందటి పాఠంలో పొడి సంగతి చూశాం. 80:20 అని డబ్బా మీద ఉంటే 100 గ్రాముల్లో 80 కాఫీ, 20 చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) అని చెప్పుకున్నాం కదా. ఇవాళ ఆ పొడిని ఫిల్టర్‌లో వేద్దాం. నా దృష్టిలో అన్ని పాఠాల్లోకీ ఇదే ముఖ్యం. డికాషన్ పల్చగా దిగితే ఎంత చిక్కటి పాలు పోసినా ఆ కాఫీకి రుచి రాదు.

ముందు ఫిల్టర్ పై గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టి అడుగు చూడండి. చిల్లులన్నీ చుక్కల్లా మెరవాలి. అక్కడక్కడా చీకటిగా ఉంటే అవి పూడుకుపోయినట్టే. కాఫీలో నూనె ఉంటుంది. అది సన్న పొడితో కలిసి చిల్లుల్లో పేరుకుంటే మామూలుగా తోమితే వదలదు. స్టీలు గిన్నె అయితే పట్టకారుతో పట్టుకుని అడుగును స్టవ్ మంట మీద కాసేపు కాల్చండి. చల్లారాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ నలుపంతా రాలిపోతుంది. తర్వాత కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. తడి గిన్నెలో పొడి వేస్తే చిల్లులకు అంటుకుపోతుంది.

ఇద్దరికి 20 గ్రాముల పొడి, 120 మి.లీ. నీళ్ళు చాలు. 20 గ్రాములంటే దాదాపు మూడు టేబుల్ స్పూన్లు, కాస్త నిండుగా. పొడి తన బరువుకు సుమారు రెట్టింపు నీళ్ళు పీల్చేసుకుంటుంది కాబట్టి కిందికి 80 మి.లీ. దాకా దిగుతుంది.

పొడి వేశాక గిన్నెను పక్కనుంచి రెండుసార్లు తట్టి సమం చేయండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళను దాని మీద పెట్టి నొక్కండి. ఎంత నొక్కాలన్నదే అసలు పని. ఒక్క వేలితో, పొడి కదలకుండా కుదురుకునేంత వరకే. బలంగా అదిమితే నీళ్ళకు దారి ఉండదు, చుక్క కూడా దిగదు. అసలు నొక్కకపోతే నీళ్ళు పొడి సందుల్లోంచి జారిపోయి, సారం పొడిలోనే మిగిలిపోతుంది.

నీళ్ళు తెర్లాక స్టవ్ కట్టేసి అర నిమిషం ఆగండి. మొదట పొడి తడిసేంత మాత్రమే పోయండి. బిళ్ళ చిల్లుల్లోంచి బుడగలు పైకి వస్తాయి. గింజను వేయించినప్పుడు లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అది. పొడి తాజాదైతే బుడగలు జోరుగా వస్తాయి, పాతబడితే పెద్దగా ఉండవు. కొట్లో ఏం చెప్పి అమ్మినా అసలు సంగతి ఇక్కడ తెలిసిపోతుంది! బుడగలు తగ్గాక మిగతా నీళ్ళు మెల్లగా, చుట్టూ తిప్పుతూ పోసి మూత పెట్టేయండి. స్పూనుతో కలపకండి, మడ్డి కిందికి దిగుతుంది.

ఇక 15 నుంచి 20 నిమిషాలు. వేడి నీళ్ళు పొడిలోంచి ముందు పులుపును, తర్వాత తీపిని, చివర్లో చేదును లాగుతాయి. ఐదు నిమిషాల్లో అంతా దిగిపోతే తీపి అందదు. గంట పడితే చేదెక్కుతుంది, పైగా చల్లారిపోతుంది. అందుకే అదే పొడిలో మళ్ళీ నీళ్ళు పోసి తీసే రెండో డికాషన్‌ను మొదటిదానిలో కలపొద్దని గట్టిగా చెబుతాను. అందులో చేదు తప్ప మిగిలేది తక్కువ.

చుక్క ఆగిపోయిందా? పై గిన్నెను కొంచెం ఎత్తి మళ్ళీ పెట్టండి. రెండు గిన్నెలూ బిగుసుకుంటే కింద గాలి చిక్కుకుని డికాషన్‌ను దిగనివ్వదు. అయినా దిగకపోతే పొడి మరీ మెత్తగా ఉన్నట్టు, లేదా ఎక్కువ నొక్కినట్టు.

చికోరీ లేని అరకు పొడి వాడేవాళ్ళకు ఒక మాట. చికోరీ నీటిని పట్టి ఉంచుతుంది. అది లేకపోతే డికాషన్ గబగబా దిగిపోతుంది. కాబట్టి పొడి ఇంకొంచెం మెత్తగా ఆడించండి, బిళ్ళను ఇంకొంచెం నొక్కండి. రంగు తక్కువగా కనిపించినా కంగారు పడకండి, ఆ నలుపులో చాలా భాగం చికోరీదే. అమెరికాలోనో మరోచోటో ఉండి గింజలు కొని అక్కడే ఆడించుకునేవాళ్ళు ఎస్ప్రెసో కంటే ఒక మెట్టు బరకగా అడగండి. ఎస్ప్రెసో పొడి మన ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది.

దిగిన డికాషన్‌ను స్టీలు స్పూనులోకి తీసుకుని వంచి చూడండి. మధ్యలో నల్లగా, అంచున ఎర్రటి గోధుమ రంగులో ఉండి, స్పూనుకు పల్చటి పొరలా అంటుకుంటే బాగా దిగినట్టు. దాన్ని స్టవ్ మీద మాత్రం పెట్టకండి, కమ్మటి వాసన ఆవిరైపోతుంది. చల్లారితే గిన్నెను వేడి నీళ్ళలో ఉంచండి, చాలు.

వచ్చే పాఠం పాలది. అప్పటిదాకా రోజూ అదే పొడి, అవే నీళ్ళు వాడుతూ బిళ్ళ నొక్కే ఒత్తిడి ఒక్కటే మార్చి చూడండి. ఎన్ని నిమిషాలకు దిగిందో, రుచి ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పాలు ఎంత పోయాలో ఆ కాగితం చూసే లెక్క వేద్దాం.