ట్రయల్‌కు ముందు వేసే పిటిషన్లు: తారీఖుల లెక్క తప్పకుండా

క్రిమినల్ కేసులో ఏ పిటిషన్ వేయాలో ముందు తారీఖులు చూస్తేనే తేలుతుంది. 2024 జూలై 1 నాటికే కోర్టులో పెండింగ్‌లో ఉన్న కేసుకు పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్లు రాయాలి, ఆ తర్వాత నమోదైన వాటికి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్లు. పాత ఫార్మాట్‌లో పేర్లు మాత్రం మార్చి ప్రింటు తీసే అలవాటు మానుకోవాలి. కాగితం రిటర్న్ అయితే ఒక రోజు పోతుంది, ఆ ఒక్క రోజుకే బెయిల్ పోవచ్చు.

మనిషి జైల్లో ఉంటే ముందుగా చూడాల్సింది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 187(3), అంటే పోలీసులు గడువులోగా చార్జిషీటు వేయకపోతే వచ్చే డీఫాల్ట్ బెయిల్. 60 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కు వస్తుంది. ఉరి, యావజ్జీవం, పదేళ్లూ ఆపై శిక్ష ఉన్న నేరాలకు గడువు 90 రోజులు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 318(4) కింద చీటింగ్‌కు గరిష్ఠ శిక్ష ఏడేళ్లే కాబట్టి 60 రోజులే. అరెస్టు రోజు నుంచి లెక్కించకూడదు. మేజిస్ట్రేట్ రిమాండు చేసిన రోజునే ఒకటిగా పట్టాలి, 2023లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. జూన్ 1న రిమాండైతే జూలై 30తో అరవై నిండుతాయి. 31న కోర్టు తెరవగానే పిటిషన్ పడాలి. చార్జిషీటు ముందుగా పడితే ఆ హక్కు ఇక లేనట్టే. ష్యూరిటీలనూ ముందే సిద్ధం చేసుకోవాలి. ఆర్డర్ వచ్చాక గడువులోగా పెట్టలేకపోతే, ఈలోగా చార్జిషీటు వస్తే, వచ్చిన బెయిలూ చేజారుతుంది.

చార్జిషీటు కాపీలు ఇచ్చేటప్పుడు (సెక్షన్ 230) తొందరపడి సంతకం పెట్టొద్దు. ఎల్‌డబ్ల్యూల (చార్జిషీటులో పేర్లున్న సాక్షుల) స్టేట్‌మెంట్లు, పంచనామాలు, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు పేజీ పేజీ సరిచూసి, లేనివాటికి మెమో వేయాలి. కాపీలు అందిన తేదీ డాకెట్‌లో (కేసు ఫైలు మీద కోర్టు రాసే నమోదులో) పడిందో లేదో చూసుకోవాలి. మేజిస్ట్రేట్ విచారించే వారెంట్ కేసుల్లో (రెండేళ్లకు మించి శిక్ష ఉన్నవి) డిశ్చార్జ్ పిటిషన్‌కు, అంటే ట్రయల్ లేకుండానే కేసు నుంచి తప్పించమని అడిగే పిటిషన్‌కు (262) 60 రోజుల గడువు ఆ తేదీ నుంచే నడుస్తుంది. సెషన్స్ కేసులో (250) కమిట్‌మెంట్ తేదీ నుంచి, అంటే మేజిస్ట్రేట్ కేసును సెషన్స్ కోర్టుకు పంపిన తేదీ నుంచి లెక్క.

డిశ్చార్జ్‌లో ఎక్కువమంది చేసే పొరపాటు, తమ వాట్సాప్ చాట్లు, రసీదులు జత చేయడం. కోర్టు ఆ దశలో చూసేది పోలీసులు పెట్టిన కాగితాలనే, 2004లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. కాబట్టి వాళ్ల కాగితాల్లోంచే వాదన కట్టాలి. నేరానికి కావాల్సిన ఒక్కో అంశం రాసి, దాని ఎదురుగా ఏ ఎల్‌డబ్ల్యూ ఏం చెప్పాడో పేజీ నంబరుతో చూపాలి. వరకట్న వేధింపుల కేసులో ఆడపడుచు మీద తేదీ, సంఘటన, మాట ఏదీ లేకుండా “అందరూ వేధించారు” అని మాత్రమే ఉంటే అదే గట్టి పాయింట్. చెక్ బౌన్స్ లాంటి సమన్స్ కేసుల్లో (రెండేళ్ల వరకే శిక్ష ఉన్నవి) మాత్రం డిశ్చార్జ్ అనేదే లేదు, వేస్తే సమయం వృథా.

మీ దగ్గరున్న కాగితం తిరుగులేనిదైతే హైకోర్టులో 528 కింద క్వాష్ (కేసునే కొట్టేయమనే పిటిషన్) వేయొచ్చు. స్టే రానంతవరకు కింది కోర్టులో, అంటే నాంపల్లి లాంటి చోట, వాయిదా మాత్రం ఆగదు. రాలేకపోతే ఆ ఉదయమే, కేసు పిలవకముందు, 355 కింద ఆబ్సెంట్ పిటిషన్ కారణంతో వేయించాలి. అప్పటికే ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్) వచ్చి ఉంటే నిందితుడు స్వయంగా కోర్టుకు వచ్చి, ఎందుకు రాలేదో ఆధారంతో 72(2) కింద రీకాల్ (వారెంట్ రద్దు చేయమనే పిటిషన్) వేసుకోవాలి. దొరికాక చూద్దామనుకుంటే పోలీసులు పట్టుకొస్తారు, అప్పుడు బెయిల్ అడగడం కష్టమవుతుంది.